యాదగిరి సార్ స్కూటరు ఎవరి గుమ్మం ముందు ఆగితే

నిన్న సాయంత్రం షాపులో ఒకావిడకు లైనింగు బట్ట చింపి ఇస్తుండగా బయట ఒక పాత స్కూటరు ఆగింది. ఇప్పటి బండ్లు వచ్చినట్టూ తెలియదు, ఆగినట్టూ తెలియదు. ఇది ఆ రకం కాదు. ఒకటికి రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, కాలిన ఆయిలు వాసనను ముందుగా లోపలికి పంపించి, ఆ తరువాత ఆగింది. నా చేతిలో బట్ట సగం చిరిగి ఉండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో నెత్తిమీద మెట్రో రైలు పోతున్నా, పక్కన తోపుడు బండ్లవాళ్ళు మైకుల్లో అరుస్తున్నా మాట తడబడకుండా బేరం నడిపే మనిషిని నేను. అలాంటిది ఆ చప్పుడు వినగానే ఎన్ని మీటర్లు చింపాలో మర్చిపోయాను. ‘అయితే రేపు నేను ఆడటం లేదన్నమాట’ అనుకున్నాను. నలభై దాటాయి నాకు. మోకాళ్ళకు నూనె రాసుకోనిదే నిద్ర పట్టదు. రేపు నన్నెవరూ ఎక్కడా ఆడించబోవడం లేదన్నది కొత్త వార్తేమీ కాదు. అయినా ఆ స్కూటరు మీద వచ్చిన పెద్దమనిషి జిప్పు ఒకటి కొనుక్కుని వెళ్ళిపోయేదాకా నా గుండె కుదుటపడలేదు. ఆయన అడిగిన ధరకే ఇచ్చేశాను కూడా. కౌంటర్లో పిల్లలు నాకు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూశారు.

ఆ చప్పుడు నాకు నేర్పినాయన పేరు యాదగిరి సార్. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి, బస్సు డిపోలో డ్రైవర్లకూ కండక్టర్లకూ డ్యూటీలు వేసే ఉద్యోగం చేసేవారు. ఉద్యోగం అది, ప్రాణం మాత్రం ఎల్బీనగర్‌లో మా కాలనీ పార్కు వెనక ఉన్న సిమెంటు కోర్టులో ఉండేది. అక్కడ ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పేవారు. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, ఎప్పుడూ ఎవరి మాటో వింటున్నట్టు ఉండేవారు. మెడలో విజిల్ వేలాడేది గానీ ఊదగా విన్నది తక్కువ. ఎవరైనా తప్పు చేస్తే ఆట ఆపకుండా గీత వెంబడే నడుచుకుంటూ వచ్చి, ఆ అమ్మాయికి మాత్రమే వినపడేలా ఒక మాట చెప్పి వెళ్ళిపోయేవారు. మిగతావాళ్ళం ఆ మాట ఏమై ఉంటుందా అని ఆట మర్చిపోయేవాళ్ళం. అదొక్కటే ఆయన పద్ధతిలో నాకు కనిపించిన లోపం.

మా వాళ్ళది తెనాలి వైపు. నాన్న ఇక్కడికి వచ్చి మ్యాచింగ్ సెంటర్ పెట్టారు. బ్లౌజు ముక్కలు, లైనింగులు, ఫాల్స్, చీరల అంచులు. నేను నడక నేర్చింది ఇంట్లోనే అయినా మాట నేర్చింది కౌంటర్ మీద. ఒకరోజు నాన్న భోజనానికి వెళ్ళినప్పుడు యాదగిరి సార్ తన భార్య చీర ఒకటి సంచిలో పెట్టుకుని, దానికి సరిపోయే బ్లౌజు ముక్క కోసం వచ్చారు. ఆయనెవరో నాకు తెలియదు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఆయన తగ్గించమన్నారు, నేను తగ్గదన్నాను. ఆయన మళ్ళీ అడిగారు, నేను రంగు పోదన్నాను. కాసేపయ్యాక ఆయన బట్ట కింద పెట్టి నన్ను చూశారు.

“నేను రంగు చూస్తున్న. నువ్వేమో నా కాళ్ళ దిక్కు చూస్తున్నవ్. ఎందుకు బిడ్డా?”

“వెళ్ళిపోయేవాళ్ళ నోరు ఇంకా బేరమాడుతూనే ఉంటుంది సార్. కాళ్ళు మాత్రం ముందే గుమ్మం వైపు తిరిగిపోతాయి. మీవి తిరగలేదు. అందుకే తగ్గించలేదు.”

ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నారు. చెప్పిన ధర ఇచ్చి, సంచీ తీసుకుని, “పొద్దుగాల పార్కెనక కోర్టుకు రా. మీ నాయనకు నేను చెప్తా” అన్నారు. అంతకాలం నేను చేసిన బేరాలన్నిట్లో ఎక్కువ లాభం వచ్చింది అదేనని అప్పుడు తెలియదు. మర్నాడు కోర్టుకు వెళితే నాకంటే జానెడు పొడుగున్న అమ్మాయిలే అందరూ. నా ఎత్తు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఏ బేరానికీ లొంగలేదు. సార్ నన్ను బంతి ముట్టుకోనివ్వలేదు. ఎదుటి అమ్మాయి చేతిలో బంతి ఉన్నప్పుడు దాని ముందు నిలబడి, బంతి చూడకుండా నడుమూ కాళ్ళూ మాత్రమే చూడమన్నారు. చేతులు అబద్ధం చెబుతాయి, కళ్ళు అంతకంటే పెద్ద అబద్ధం చెబుతాయి, నడుము కింద భాగానికి అబద్ధం చెప్పడం తొందరగా రాదు అని ఆయన నమ్మకం. నాకు ఆ సంగతి కౌంటర్ మీదే తెలుసు గనక ఆయన నాకు కొత్తగా నేర్పింది ఏమీ లేదనుకున్నాను. ఆ వయసులో నాకు గర్వం ఎత్తుకంటే చాలా ఎక్కువ.

ఈ ఆట ఎరగనివాళ్ళ కోసం ఒక్క మాట. కోర్టులో ఐదుగురే ఆడతారు. మిగతావాళ్ళు బెంచీ మీద ఉంటారు. క్రికెట్టులా కాదు, ఆట జరుగుతుండగా ఎవరినైనా ఎన్నిసార్లయినా బయటికి పిలవొచ్చు, మళ్ళీ పంపొచ్చు. అందుకని ఎవరిని ఎప్పుడు తీయాలి, ఎవరిని ఎప్పుడు దించాలి అన్నదే కోచ్ చేతిలో ఉన్న అసలు విద్య. మామూలు లీగు మ్యాచుల్లో యాదగిరి సార్ జట్టులో అందరినీ ఆడించేవారు. అలసిపోయాక తీయడం ఆయన దృష్టిలో ఆలస్యం. మనిషి చేతులు మోకాళ్ళ మీదికి రాకముందే, ఇంకా పరిగెత్తగలను అనుకుంటున్నప్పుడే తీసేవారు. ఎవరైనా తామంతట తాము “సార్, నన్ను తీసేయండి” అని సైగ చేస్తే తన లెక్క తప్పిందని ఆయన మొహం చిన్నబోయేది. ఇంకొక ఆచారం ఉండేది. బయటికి వచ్చే అమ్మాయి లోపలికి వెళ్ళే అమ్మాయి చేయి తట్టి ఊరుకోకూడదు. తను చూసిన సంగతి ఒకటి దాని చెవిన వెయ్యాలి. ‘దానికి ఎడమ చెయ్యి ఆడదు’, ‘ఇది మాట్లాడిస్తే కోపం తెచ్చుకుంటుంది’, ఇలాంటిది ఏదో ఒకటి. మా షాపులో కూడా అంతే. నాన్న భోజనానికి లేస్తూ ‘ఆ ఆకుపచ్చ చీరావిడ ఇందాక పక్క షాపులో అడిగొచ్చింది’ అని నా చెవిన వేసి లేచేవారు. అందుకే ఆ ఒక్క విషయంలో నన్ను మించినవాళ్ళు జట్టులో లేరు. పరుగులో అందరూ ఉన్నారు.

నాకౌట్ మ్యాచులు వచ్చేసరికి సార్ వేరే మనిషి అయిపోయేవారు. ఓడితే ఇంటికే గనక అందరినీ ఆడించడం కుదరదు. ఏడుగురో, మహా అయితే ఎనిమిది మందో. బాగా ఆడే మానస లాంటివాళ్ళు ఎక్కువసేపు కోర్టులో ఉండాలి, వాళ్ళకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికి ఇద్దరు ముగ్గురు కావాలి, మిగిలినవాళ్ళు కూర్చోవాలి. ఇది అందరు కోచ్‌లూ చేసేదే. సార్ చేసింది వేరు. మ్యాచ్‌కు ముందురోజు సాయంత్రం స్కూటరు తీసి, మర్నాడు ఆడని ప్రతి అమ్మాయి ఇంటికీ వెళ్ళేవారు. లోపల కూర్చుని, అమ్మానాన్నల ఎదుట, ఎందుకు ఆడించడం లేదో ఆ అమ్మాయికి చెప్పి, టీ తాగి వచ్చేవారు. ఆడేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవారు కాదు. దాంతో మా కాలనీలో ఆ స్కూటరు అంటే హడలు. వీధి మొదట్లో దాని దగ్గు వినిపిస్తే ఆడపిల్లలున్న ఇళ్ళలో టీవీ గొంతు తగ్గేది. శిరీష అనే అమ్మాయి వాళ్ళమ్మ అయితే ఒకసారి బయట తాళం వేసి, పెరటి వైపు నుంచి లోపలికి వెళ్ళి కూతురితో పాటు ఊపిరి బిగబట్టి కూర్చుంది. సార్ అరుగు మీద కూర్చున్నారు. పక్కింటివాళ్ళు టీ ఇచ్చారు. చీకటి పడుతుండగా శిరీషకు తుమ్ము వచ్చింది.

ఎందుకు సార్ ఈ తిప్పలు, మ్యాచ్ రోజు బెంచీ మీద కూర్చుంటే ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది గదా అని ఒకసారి అడిగాను. ప్రాక్టీసు అయిపోయి, బంతులు గోనెసంచిలో వేస్తున్నాం. ఆయన డిపో సంగతి చెప్పారు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక డ్రైవరు తెల్లవారుజామునే టిఫిన్ డబ్బా పట్టుకుని, ఇస్త్రీ యూనిఫాం వేసుకుని వచ్చాడట. ఆ రోజు డ్యూటీల్లో అతని పేరు లేదు. వేయనిది సారే. చెప్పనిదీ సారే.

“ఇంటికి పోతే పెండ్లాం పిల్లలు ఏందని అడుగుతరు. పోలేడు. సాయంత్రం దాంక డిపోల బల్ల మీదనే కూసున్నడు. డబ్బా ఒడిల వెట్టుకున్నడు గని మూత తియ్యలే. నేను అద్దంలకెళ్ళి చూస్తనే ఉన్న.” గోనెసంచి మూతి బిగించారు. “పని లేదని చెప్పొచ్చు బిడ్డా, తప్పు గాదు. మనిషి డబ్బా పట్టుకోని వచ్చినంక చెప్పొద్దు.”

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా మా జట్టు నగరంలోని కాలనీ జట్ల పోటీలో ఫైనల్‌కు వచ్చింది. అంతకుముందు మ్యాచ్‌లో నేను కాసేపు ఆడాను, ఫరవాలేదనిపించాను. నా గొప్ప నేనే చెప్పుకుంటూ నాన్న చెవిలో పోరగా పోరగా, ఆయన ఒక మాట అనేశారు: ఆదివారం షాపు మూసి మ్యాచ్‌కు వస్తానని. ఇందులో ఎంత ఉందో షాపు ఎరగనివాళ్ళకు అర్థం కాదు. అది పెళ్ళిళ్ళ సీజను. మా తాతయ్య పోయినప్పుడు కూడా సగం షట్టర్ తీసి ఉంచిన మనిషి నాన్న. ఆయన అట్టముక్క మీద ‘రేపు సెలవు’ అని పెద్ద అక్షరాలతో రాసి, శనివారం మధ్యాహ్నమే షట్టరుకు వేలాడదీశారు. వీధిలో ప్రతి షాపువాడూ వచ్చి కారణం అడిగాడు. నాన్న ప్రతివాడికీ చెప్పారు. మా శైలూ ఫైనల్ ఆడుతోంది అని. నా జీవితంలో నాకు నిజంగా కావలసింది ఆ రోజు ఒకటే: నాన్న షాపు మూసి వచ్చినందుకు నన్ను కోర్టులో చూడాలి.

ఆ సాయంత్రమే స్కూటరు మా షాపు ముందు దగ్గింది.

నాన్నకు ఈ ఆచారం తెలియదు. ఫైనల్ ముందు కోచ్ స్వయంగా షాపుకు రావడం సన్మానమనుకున్నారు. “రండి సార్, రండి. శైలూ, సార్‌కి కుర్చీ వెయ్యి” అంటూ, పక్క షాపాయనకు వినపడేలా సోడా చెప్పారు. నేను కుర్చీ వేయలేదు. ఫాల్స్ కట్టల వెనక నిలబడిపోయాను. సార్ కూర్చోలేదు.

“సోడా తర్వాత తాగుత సార్. ముందుగాల ఒక మాట చెప్పాలె. రేపు నేను ఏడుగురితోని ఆడుతున్న. మీ బిడ్డ ఎనిమిదోది.”

“ఎనిమిదోది అంటే ఏంటండీ?”

“అంటే కోర్టు మీదికి వస్తదని నేను మాట ఇయ్యలేను. మీరు షాపు బంద్ వెట్టి వస్తున్నరని తెలిసింది. అక్కడికొచ్చినంక తెలిసే బదులు ఇప్పుడే తెలవాలె.”

నాన్న నన్ను చూశారు. నేను బేరం మొదలుపెట్టాను. ఇంకేం చెయ్యను, నాకు వచ్చిన విద్య అదే. సగం ఆట అడిగాను. సార్ ఏమీ అనలేదు. ఒక క్వార్టర్, అంటే పావు ఆట, అడిగాను. ఏమీ అనలేదు. మాట్లాడని గిరాకీ కంటే కష్టమైన గిరాకీ లేదు. సరుకు గొప్ప చెప్పాను, పక్క సరుకుతో పోల్చాను, అంటే ఏడో అమ్మాయి గురించి అనరాని మాట ఒకటి అన్నాను. చివరికి ఐదు నిమిషాలకు దిగాను. అదీ లేకపోతే నేనసలు రేపు రానే రాను, ఈ ఆటకో దణ్ణం అని గుమ్మం వైపు తిరిగాను. సార్ నా మొహం చూడలేదు. కిందికి చూశారు.

“కాళ్ళు తిరిగినయ్ గని మనిషి పోతలేదు” అన్నారు మెల్లగా. “నాకు చెప్పింది నువ్వే గదా బిడ్డా.”

పక్క షాపాయన సోడా పట్టుకొచ్చి, నవ్వాలో వద్దో తెలియక అక్కడే నిలబడ్డాడు. సార్ అప్పుడు కూర్చున్నారు. రేపు మాతో ఆడబోయే మలక్‌పేట జట్టులో నాలుగో నంబరు అమ్మాయే వాళ్ళకు అన్నీ అని, దాన్ని మానస ఆపాలని, ఆ అమ్మాయి ఎప్పుడు నిజంగా దూసుకొస్తుందో ఎప్పుడు ఉత్తుత్తి అడుగు వేస్తుందో ఇంతవరకూ ఎవరికీ అంతు చిక్కలేదని చెప్పారు. “రేపు నీకు వేరే పని లేదు. దాని కాళ్ళు చూడు. నేను అడిగినప్పుడు చెప్పాలె. తయారుగ మాత్రం ఉండు.” సోడా తాగి, గ్లాసు కౌంటర్ మీద పెట్టి, నాన్నకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. నాన్న చాలాసేపు అట్టముక్క వంక చూశారు. తీసేస్తారనుకున్నాను. “తగిలించినవాణ్ణి ఇప్పుడు పీకితే వీధంతా నవ్వుతుంది. వస్తాలే” అన్నారు. అందులో ఎంత పరువు, ఎంత ప్రేమ అన్నది నేను ఆయన్ను ఎప్పుడూ అడగలేదు. ఆయన సరిగ్గా చెప్పేవారు కూడా కాదు.

మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కాలో వచ్చి, ఆట ఏమీ తెలియదు గనక, మ్యాచ్ మొత్తం బెంచీ వైపే చూస్తూ కూర్చున్నారు. అందరూ బంతి వెంట మెడ తిప్పుతుంటే ఆయన మెడ ఒక్కటే కదలలేదు. నేను ఆయన వైపు చూడకుండా ఉండటానికే నాలుగో నంబరు కాళ్ళు చూశాను అన్నా తప్పు లేదు. చాలాసేపు ఏమీ తెలియలేదు. రెండో క్వార్టర్ ముగుస్తుండగా దొరికింది. నిజంగా దూసుకొచ్చే ముందు ఆ అమ్మాయి ఎడమ మడమ కొద్దిగా లేచేది. ఉత్తుత్తి అడుగైతే రెండు పాదాలూ నేలకు అతుక్కుని ఉండేవి. విరామంలో సార్ నా పక్కన కూర్చుని “ఏం చూసినవ్?” అన్నారు. చెప్పాను. ఆయన మానసకు చెప్పారు. మానస తల ఊపింది గానీ, పరిగెత్తుతూ మడమలు చూడటం దాని వల్ల కాలేదు. మూడో క్వార్టర్‌లో నాలుగో నంబరును ఆపబోయి వరసగా తప్పులు చేసింది. నాలుగో ఫౌల్ పడింది. ఐదోది పడితే ఇక ఆటలోంచి బయటికే.

చివరి క్వార్టర్ కోసం మానసను దాచుకోవాలి. సార్ ఏడో అమ్మాయిని పిలుస్తారనుకున్నాను. ఆయన చేయి నా భుజం మీద పడింది. “స్కోరు నాకొద్దు. ఆ నాలుగో నంబరు పిల్ల నీది. మానస ఊపిరి తీసుకోనీ.” అంతే. నేను కోర్టులోకి వెళుతుంటే వెనకనుంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. నాన్న లేచి నిలబడ్డారు.

ఆ కొద్దిసేపు నాకు ఇప్పటికీ అడుగడుగూ గుర్తుంది. ఆ అమ్మాయి నాకంటే ఎంతో పొడుగు. నేను తల ఎత్తలేదు. మడమ లేచింది, నేను ముందే అక్కడున్నాను, బంతి దాని చేతిలోంచి నా చేతికి తగిలి గీత దాటింది. మళ్ళీ వచ్చింది. ఈసారి పాదాలు అతుక్కునే ఉన్నాయి, నేను కదలలేదు, అది ఏం చెయ్యాలో తెలియక బంతిని నాకే ఇచ్చినంత పని చేసింది. జనం చప్పట్లు కొట్టారు. నాన్న ఎవరికో నన్ను చూపిస్తున్నారు. మూడోసారి దాని మడమ లేచింది. నేను దూకాను. అది కదలలేదు. మడమ కావాలనే లేపి, అక్కడే ఆగి, తల వంచి నా మొహంలోకి చూసి నవ్వింది. ఎలాగో కాలు జారకుండా నిలదొక్కుకున్నాను, ఈలోగా అది విసిరిన బంతి బుట్ట తాకి బయట పడింది. వెంటనే సార్ నన్ను బయటికి పిలిచారు.

జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నేను నడుస్తూనే బేరమాడాను. “సార్, ఇంకో రెండు నిమిషాలు. ఒక్క నిమిషం సార్. నాన్న నిలబడే ఉన్నారు.”

“గిరాకీ ఉన్నప్పుడే దించుతున్న షట్టర్. కూసో.”

లోపలికి వెళుతున్న మానస చేయి తట్టి, చెవిన వెయ్యాల్సింది వేశాను. దాని మడమలు ఇక నమ్మకు, మనం చూస్తున్నట్టు దానికి తెలిసిపోయింది అని. మానస విశ్రాంతి తీసుకుని వచ్చింది గనక చాలాసేపు బాగానే ఆపింది. ఆఖరికి మళ్ళీ అలసిపోయింది. ఆట ముగియబోతుండగా నాలుగో నంబరు దాని చేతుల మీదుగా లేచి బంతిని బుట్టలో వేసింది. ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయాం. ఇంటికి వెళుతూ దారంతా నాన్న ఒకే ప్రశ్న రకరకాలుగా అడిగారు. అంత బాగా ఆపుతున్నదాన్ని ఎందుకు తీసేశాడు అని.

మర్నాడు సాయంత్రం స్కూటరు మళ్ళీ మా షాపు ముందు ఆగింది. పోటీ అయిపోయింది. ఇక ఆడించకపోవడానికి కూడా ఆట లేదు. నాన్న కౌంటర్ దిగి వచ్చారు. “ఇంకెక్కడ కూర్చోబెడతారు సార్ మా అమ్మాయిని?” అన్నారు. కోపంగానే అన్నారు. పక్క షాపాయన ఈసారి సోడా లేకుండానే వచ్చి నిలబడ్డాడు.

“నేను పొరపాటు చేసిన” అన్నారు సార్. “బిడ్డను ఇంకొంచెం సేపు ఉంచాల్సింది. మానస కాళ్ళల్ల బలం అయిపోతదని నాకు తెలవాలె. అది చెప్పిపోదామని వచ్చిన.”

వీధిలో అందరికీ వినపడేలాగే చెప్పారు. ముందు రోజు నేను ప్రాణం పెట్టి అడిగిన ధర అది. అడిగినదానికంటే ఎక్కువే ఇస్తున్నారు. తీసుకుని నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆ అమ్మాయి నవ్వు చూసింది నేనొక్కదాన్నే. అందుకని నేను పుట్టి పెరిగిన వృత్తికే మచ్చ తెచ్చే పని చేశాను. “లేదు సార్. మీరు తీసిందే రైటు. అది కనిపెట్టేసింది. మడమ లేపి నన్ను ఆడించింది, నవ్వింది కూడా. ఇంకొక్కసారి వస్తే నేను బోర్లా పడేదాన్ని” అన్నాను. సార్ నమ్మలేదు. నవ్వు తనకు కనపడలేదన్నారు. కనిపెట్టినా సరే, అలసిపోయిన మానస కంటే అలసిపోని శైలజ మేలన్నారు. నేను కాదన్నాను. ఆయన తప్పు తనదంటారు, నేను కాదంటాను. ఆయన పెంచుతారు, నేను తగ్గిస్తాను. ఆ వీధిలో అలాంటి బేరం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, సోడా చెప్పారు. ఆ రాత్రి అన్నం తింటూ, ఇన్నేళ్ళలో మన గుమ్మం ఎక్కి తప్పు నాదే అని చెప్పిన మనిషి ఈయనొక్కడే అన్నారు.

ఆ బేరం తెగలేదు. సార్ రిటైరై, పెద్ద అంబర్‌పేట్‌లో కూతురి దగ్గరికి వెళ్ళాక కూడా నేను అప్పుడప్పుడూ వెళ్ళేదాన్ని. టీ రాకముందే మొదలయ్యేది. “గా నవ్వు నిజంగ నవ్విందా, నా కోసం చెప్పినవా?” అని చివరిదాకా అడిగారు. నవ్వింది సార్, ఒట్టు అనేదాన్ని. బేరగాళ్ళ ఒట్టు ఎంత నిఖార్సైనదో ఆయనకు తెలుసు గనక నమ్మకుండానే తల ఊపేవారు. పోయిన వానాకాలం ఆయన పోయారు. దినాల నాడు చూస్తే వచ్చిన ఆడవాళ్ళలో ఎక్కువమంది బెంచీ వాళ్ళే. ఒకరి వెంట ఒకరు తమ ఇంటి ముందు స్కూటరు ఆగిన కథ చెప్పుకుంటున్నారు. ఏ కారణం చెప్పారో, ఏ పని అప్పజెప్పారో అందరికీ గుర్తుంది. శిరీష తన తుమ్ము కథ చెప్పి అందరినీ నవ్వించి, తను ఏడ్చింది. మానస ఒక మూల కూర్చుని వింటోంది. ప్రతి ఫైనల్‌లోనూ మొదటి ఐదుగురిలో ఉన్న మనిషి అది. “సార్ మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదే” అంది. దాని గొంతులో నిజంగానే అసూయ ఉంది.

నిన్న ఆ పాత స్కూటరు వెళ్ళిపోయాక నాకు స్వప్న గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం కూడా సరికాదు. వారం నుంచి మరిచిపోయినట్టు నటిస్తున్నాను. ఇవాళ్టి నుంచి శ్రావణ మాసం గిరాకీ. ముందు కౌంటర్లో నలుగురి కంటే ఎక్కువ పట్టరు. స్వప్న నల్గొండ నుంచి వచ్చిన పిల్ల, నా దగ్గర అందరికంటే పాతది. రంగు చూడటంలో దాన్ని మించినవాళ్ళు లేరు. కానీ జనం మీద పడితే గొంతు పెగలదు, ఎవరైనా రెండుసార్లు గద్దిస్తే అడిగిన ధరకు ఇచ్చేస్తుంది. రద్దీ రోజుల్లో అది ముందు నిలబడకూడదు. ఆ సంగతి పొద్దున షాపు తెరిచాక, అందరిలో, పని చెబుతున్నట్టుగా చెప్పేద్దామనుకున్నాను. అంటే డబ్బా పట్టుకుని వచ్చాక.

షాపు పిల్లలకు అప్పజెప్పి, నా స్కూటీ తీసుకుని ఎల్బీనగర్ వెనక సందులో వాళ్ళు కిరాయికుంటున్న ఇంటికి వెళ్ళాను. నా బండి దగ్గదు. అందుకని నేను గుమ్మంలో కనపడేదాకా వాళ్ళకు తెలియలేదు. వాళ్ళమ్మ కంగారుగా కుర్చీ తుడిచి, టీ పెట్టడానికి వెళ్ళింది. స్వప్న తలుపు పక్కనే నిలబడింది. రేపటి నుంచి ముందు కౌంటర్లో నువ్వు లేవు అన్నాను. ఎందుకో చెప్పాను. వెనక నిలబడి, ముందు నలుగురికీ ఏ చీరకు ఏ రంగు సరిపోతుందో తీసి అందించాలని, నువ్వు తీయకపోతే ఆ నలుగురూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందేనని చెప్పాను.  నా దగ్గర ఇన్నేళ్ళు పనిచేసి ఒక్కనాడూ బేరమాడని పిల్ల, గొంతు సవరించుకుంది.

“అక్కా, పొద్దటి పూట ముందట నిలబడ్త. రష్ అయినంక వెనకకు పోత.”

నేను ఏమీ అనలేదు.

“పోనీ గంట ఇయ్యి అక్కా. ఒక్క గంట.”

నేను దాని మొహం చూడలేదు. కిందికి చూశాను. కాళ్ళు నా వైపే ఉన్నాయి. కుర్చీలో సర్దుకుని కూర్చుని, వాళ్ళమ్మను ఇంకొంచెం టీ ఉందా అని అడిగాను.